సాచ్చి దిమ్మె

పరీక్షకు ఇంక నాలుగు రోజులు.
దేవరకద్ర రోడ్డు మీది మా బడిల
ఎనిమిదో తరగతికి పగటిబువ్వ తిన్నంక కొలతల రివిజన్.
పెద్ద కోణమానినిల డెబ్బై నుంచి తొంభై దాక
చెదలు తిన్నయి,
లంబకోణం అడిగితే గోడ మూలకు పోయి చూపిస్త.
వృత్తలేఖిని కాలు ఇరిగి రెండేండ్లు.
సుద్దముక్కకు దారం కట్టి తిప్పుత,
నా వృత్తం ఏనాడూ
బయలెల్లిన కాడికి తిరిగి రాదు.
పిల్లలు దానికి పేరు పెట్టుకున్నరు,
నాకు తెల్వదనుకుంటరు:
సారు కోడిగుడ్డు.

చుట్టుకొలత అంటే?
"కంచె" అన్నడు ఎనుక బెంచీ కుర్మయ్య,
పుస్తకం తెరవకుండనే.
మరి వైశాల్యం?
"కంచె లోపట మిగిలింది."
రాసుకోండ్రి అన్న.
అచ్చు పుస్తకంల ఇంతకన్న మంచిగ లేదు.

ఘనపరిమాణం కాడికి వచ్చేసరికి
తరగతి సగం నిద్రల ఉంది.
సమలంబ చతుర్భుజం గీసి
ఎత్తుల సగం, సమాంతర భుజాల మొత్తం,
రెండు గుణించుండ్రి అన్న.
పదకొండేండ్ల సంది అదే గొంతు, అదే సుద్దదుమ్ము.
అప్పుడు లేచింది శివలీల.
"సార్, మా అమ్మోళ్ల కందకం గిట్లనే ఉంటది."

పైన రెండు మీటర్లు, అడుగున ఒకటి,
లోతు ఒకటి, పొడుగు పది.
బోర్డు మీద తనే చేసింది, కొంగలెక్క మెడ సాపి.
పదిహేను ఘనపు మీటర్లు.
"కొలిచేటన్న అడుగుకాడ టేపు పెట్టి
పది అని రాసుకున్నడు సార్."

నిద్రపోయే సగం లేచింది.
"అయిదు యాడికి పోయినయి?" అన్నడు కుర్మయ్య.
దానికి నా దగ్గర సూత్రం లేదు.
గంట కొట్టిన్రు, బతికిపోయిన.

ఐతారం నాడు గుట్ట కిందికి పోయిన.
ఎర్రమట్టి. తలలకు తువ్వాలలు. గంపలు.
నా బోర్డు మీది బొమ్మ
పది మీటర్ల పొడుగు నోరు తెర్చుకొని ఉంది.
అంచులు ఎందుకమ్మా వాలుగ అని అడిగిన.
మణెమ్మ పార ఆనించి నిలబడ్డది.
"నిలువుగ కోస్తె కూలుతది సారూ.
మట్టి గూడ జర ఒరిగే కూసుంటది, మనిషి లెక్కనే."

కందకం నడుమ తవ్వకుండ ఇడిసిన మట్టి దిమ్మె,
నెత్తిన ఎండుగడ్డి అట్లనే ఉంది.
"అది సాచ్చి.
మొదలు నేల ఎంత ఎత్తుండెనో అదే చెప్పాలె.
కొలత అయ్యేదాక ఎవ్వలం ముట్టం."

కొలిచే పిలగాడు చెడ్డోడు గాదు.
ఫోను తెరిచి చూపిచ్చిండు.
వెడల్పు కాడ గడి ఒక్కటే ఉంది సార్,
రెండంకెలు పట్టయి.
సగటు రాయి, ఒకటిన్నర, అన్న.
చానసేపు చూసిండు ఆ ఒక్క గడి దిక్కు.
"మండలంల అడగాలె సార్" అన్నడు.
ఇంతల చార్జింగు అయిపోయింది.
మణెమ్మ మళ్ల పార అందుకుంది.
దిమ్మె నీడ కొంచెం పొడుగైంది.
నీడతోని ఎత్తు కనుక్కునే లెక్క
వచ్చే ఏడు పిల్లలకు చెప్తరు.

పరీక్షల కాలువ లెక్క ఇచ్చిన్రు.
శివలీల పేపరు రాత్రి దిద్దిన.
మెట్లన్నీ సక్కగున్నయి, గుణకారం సక్కగుంది,
ముప్పై ఆరు వచ్చింది, రావాల్సిందే అది.
పక్కన ఘనపు మీటర్లు అని ఉండాల్సిన కాడ
రూపాయలు అని రాసింది.

ప్రమాణం తప్పు. అర మార్కు కోసిన.
కోయాలె గదా.
ఆ మాట చుట్టూ ఎర్ర పెన్నుతోని సున్న చుట్టిన,
దారం లేకుండ, చూడకుండ.

గుండ్రంగ వచ్చింది.
బయలెల్లిన కాడికే వచ్చి కలిసింది.